రెండు గాలాలు మింగిన చేప

ఆ ఆదివారం పొద్దున చిట్కాగారి పథకం చాలా చిన్నది. మేనేజరుగారిని సముద్రం దగ్గరికి తీసుకువెళ్లాలి. ఆయన చేత ఒక్క చేపను పట్టించాలి. ఆ సంతోషం ఆయన ముఖం మీద ఆరిపోకముందే తన బదిలీ సంగతి కదపాలి. అంతే. ఇందులో చిట్కాగారి చేతిలో లేనిది చేప ఒక్కటే. మిగతా సరంజామా అంతా హాల్లో గుట్టగా పడి ఉంది.

చిట్కా అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఆఫీసు పెట్టిన పేరు. ఒక బీమా కంపెనీలో నష్టపరిహారం క్లెయిములు చూసే విభాగానికి ఆయన పెద్ద దిక్కు. కొంపంతా తగలబడి కట్టుబట్టలతో వచ్చినవాణ్ణి సైతం కళ్లజోడు మీదుగా చూసి, "పొయ్యి పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకోవాలని తెలీదా?" అని అడగగల గుండె ధైర్యం ఆయనది. ఆయనకొక సూత్రం కూడా ఉంది. మనిషి మొదట చెప్పిన మాటే నిజం, తర్వాత మార్చి చెప్పేదంతా లాభం కోసమే. ఈ సూత్రంతో ఆయన ఎందరి చేతో క్లెయిములకు నీళ్లు వదిలించాడు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లందరికీ ఈ సూత్రాన్ని ఆయనే దగ్గర కూర్చుని నేర్పుతాడు.

క్లెయిములు అయిపోయాక మిగిలిన తెలివితేటలన్నీ చిట్కాల రూపంలో జనం మీద పడేవి. మొదట్లో కుక్కరు మూతల దగ్గర్నుంచి దగ్గుమందుల దాకా అన్నిటికీ చెప్పేవాడు. రెండేళ్లుగా మాత్రం ఆయన ప్రజ్ఞంతా సముద్రంలో గాలం వేయడం మీద కేంద్రీకృతమైంది. గాలపు కర్ర ఎంత పొడుగుండాలి, దారం ఎంత లావుండాలి, కొక్కేనికి పదును ఎలా పెట్టాలి, ఉప్పుగాలికి రీలు తుప్పు పట్టకుండా ఎలా కాపాడాలి... ఇవన్నీ ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. టైము దండగని వీడియోను రెట్టింపు వేగంతో పెట్టి, మధ్య మధ్యలో దాటవేస్తూ చూసేవాడు. అందుచేత ఆయనకు ప్రతి విషయంలోనూ మొదలూ చివరా బాగా తెలుసు. ఇక సముద్రానికి ఎప్పుడైనా వెళ్లాడా అంటారా? గాలి బాగుంటే అల బాగుండేది కాదు, అల బాగుంటే నడుము బాగుండేది కాదు.

ఇలా ఉండగా ఆఫీసులో పిడుగులాంటి వార్త పడింది. సముద్రానికి బాగా దూరంగా ఎక్కడో కొత్త బ్రాంచి పెడుతున్నారు. ఎంత దూరమంటే, అక్కడివాళ్లకు ఉప్పు కొట్లోనే పుడుతుంది. ఈ ఆఫీసు నుంచి ఒకరిని అక్కడికి పంపాలి. ఎవరిని పంపాలన్నది మేనేజరుగారి ఇష్టం. చిట్కాగారికి నిద్ర పట్టలేదు. ఆయన నిద్ర సంగతి అటుంచితే, ఇంట్లో ఆవిడకు అసలు పట్టలేదు.

ఆవిడకు వీధి మొదట్లో ఓ కుట్టు దుకాణం ఉంది. మొగుడి బదిలీల పుణ్యమా అని ఇప్పటికి రెండుసార్లు దుకాణం మూసి, బోర్డు దింపి, మిషను లారీకెక్కించింది. కొత్త ఊళ్లో మళ్లీ ముక్కూ మొహం తెలియనివాళ్ల కొలతలతో మొదలు. ఇక్కడిప్పుడు పని నిలబడింది. జనం వెతుక్కుంటూ వస్తున్నారు. చేతి కింద ఒకమ్మాయి కుదిరింది. బదిలీ వార్త విన్నరోజు ఆవిడ చెప్పవలసింది ఒక్క ముక్కలో చెప్పేసింది.

"ఇదిగో, చూడండి. మూడోసారి ఆ బోర్డు దించాల్సొస్తే మీ నెత్తి మీదే దింపుతాను."

ఇదీ చిట్కాగారి ప్రాణసంకటం. దీనికి మందు మేనేజరుగారి దగ్గరే దొరికింది. ఆయన ఈమధ్యే వచ్చాడు. పెద్ద శరీరం, దానికి తగ్గ పట్టుదల. వచ్చిన కొత్తలోనే మధ్యాహ్నం భోజనాల దగ్గర చిట్కాగారి సముద్రోపన్యాసం విని పడిపోయాడు. చిట్కాగారు చెప్పిన కర్రా, చెప్పిన రీలూ, చెప్పిన టోపీ కొన్నాడు. "గురువుగారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. వచ్చే ఆదివారం దగ్గరుండి చేప పట్టించాలని పట్టుబట్టాడు. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాడు చిట్కా.

"ఏమండీ, ఆయనకి మీరు గురువా? ఇంతకీ మీరెప్పుడు పట్టారండీ చేపని?" అంది ఆవిడ, ఆ పొద్దున హాల్లో సామాను మీద నుంచి గెంతుతూ.

"పట్టడం వేరు, పట్టించడం వేరు. నీకు తెలీదు, ఊరుకో."

"పోనీలెండి, బదిలీ తప్పితే చాలు. చేపేం ఖర్మ, మొసలిని పట్టించండి." గుట్టలోంచి ఆవిడ ఒక ప్యాకెట్టు పైకి తీసింది. దళసరి ప్లాస్టిక్కులో నాలుగువైపులా అతికించి ఉన్న కటింగ్ ప్లయరు అది. "ఇదింకా విప్పనేలేదే? ఉండండి, వంటింట్లోంచి కత్తెర తెస్తాను."

"వద్దు వద్దు! ఇప్పుడే విప్పితే దారిలో ఉప్పుగాలి తగిలి తుప్పు పడుతుంది. అవసరమైనప్పుడు అక్కడే విప్పుతాను."

"పోనీ కత్తెరన్నా వెంట తీసుకెళ్లండి."

చిట్కాగారు నవ్వాడు. ఆ నవ్వు ఇల్లు కాలినవాళ్లందరికీ పరిచయమే. "సముద్రం మీదికి వంటింటి కత్తెరా? నలుగురూ నవ్వుతారు."

ఈలోగా ఆవిడ తమ్ముడు వచ్చాడు. చేపల కోసం కాదు, సామాను మోయడానికి పిలిపించారు. కర్రలు, సంచులు, పెట్టెలు, మడత కుర్చీ అయ్యాక ఒక పెద్ద ప్లాస్టిక్కు టబ్బూ, రెండు డబ్బాల మంచినీళ్లూ చూసి కుర్రాడు నీరసపడ్డాడు. ముప్పయ్యేళ్లొచ్చినా బావగారి దృష్టిలో అతను కుర్రాడే.

"బావా, సముద్రానికి నీళ్లు మోసుకెళ్లడమేమిటి?"

"ఉప్పునీళ్లు తగిలిన ప్రతిదాన్నీ వెంటనే మంచినీళ్లలో ముంచాలిరా. మొదటి చిట్కా అది." వీడియోలో వాళ్లు చెప్పింది రీలును పైపైన నీళ్లు చిలకరించి కడగమనీ, పొరపాటున కూడా ముంచవద్దనీ. ఆ 'వద్దు' రెట్టింపు వేగంలో దొర్లిపోయింది. "ఇంకోటి. ప్రతి వస్తువు మీదా మన ఫోను నంబరు అంటించాలి. నీళ్లలో పోయినా దొరికినవాడు ఫోను చేస్తాడు."

"చేపలు చేస్తాయా?" అన్నాడు బావమరిది. అతనికి అక్క పోలికే.

సముద్రంలోకి పొడుచుకుపోయిన రాళ్లకట్ట చివర పాతకాలపు దీపస్తంభం ఒకటి ఉంది. దాని దిమ్మె ఓ గదంత ఉంటుంది. దిమ్మెకు ఇటు నిలబడ్డవాడికి అటు నిలబడ్డవాడు కనిపించడు. మేనేజరుగారు అప్పటికే అక్కడ సిద్ధంగా ఉన్నాడు. గడ్డం కింద తాడు కట్టిన టోపీ, నల్లకళ్లద్దాలు, ఒళ్లంతా జేబులున్న చొక్కా, రాళ్ల మీద జారని బూట్లు. శిష్యుడు గురువు మాట అక్షరం జవదాటలేదు. గురువుగారు మాత్రం కొత్తబూట్లు కరుస్తున్నాయని పాత హవాయి చెప్పులతో వచ్చాడు. కట్ట మీద నడుస్తూ రెండుసార్లు జారి, రెండుసార్లూ రాళ్లదే అజాగ్రత్త అన్నట్టు వాటివైపు కోపంగా చూశాడు.

సామాను దించి, టబ్బులో మంచినీళ్లు నింపి దిమ్మెకు ఇటుపక్కన పెట్టాక బావమరిది మొండికేశాడు. "కూలీవాడిలా మోసుకొచ్చాను. ఒక్కసారి నన్నూ వెయ్యనీ బావా."

పనికిరాని గొడవ ఎందుకని చిట్కాగారు తన కర్రల్లో ఒకటి అతని చేతిలో పెట్టాడు. దుకాణంవాడు తప్ప ఇప్పటిదాకా ఎవరూ వాడని కర్ర అది. "దిమ్మెకు అటుపక్కకు పో. సార్ కంటబడకు. కొక్కెం జాగ్రత్త. రీలు మర పూర్తిగా బిగించు."

ఇటొచ్చి శిష్యుడికీ అదే చెప్పాడు. మేనేజరుగారు కొంచెం తటపటాయించాడు. "ఏమోనండీ గురువుగారూ, ఆ మర దారం బలంలో నాలుగోవంతుకే బిగించాలని ఎక్కడో చదివాను. పెద్దచేప గుంజితే కాస్త దారం వదులుతూ అలసిపోనివ్వాలట. పూర్తిగా బిగిస్తే ఏదో ఒకటి విరుగుతుందట."

"వదలడమా?" చిట్కాగారు బాధపడ్డాడు. "మనం క్లెయిముల్లో ఎప్పుడైనా వదిలామా సార్? బిగించండి."

ఈ ఉపమానానికి మేనేజరుగారు ముగ్ధుడైపోయి, మరను చేతనైనంత బిగించాడు. దారం మరీ గట్టిది. బండికి కట్టి లాగినా తెగదని దుకాణంలో చెబితే, అదే కొనమని చిట్కాగారు అందరికీ సలహా ఇచ్చాడు. ఇటు మేనేజరుగారు గాలం విసిరాడు. అటు బావమరిది విసిరాడు. ఇక చేపల వంతు.

చేపలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఎండ ఎక్కింది. ఫ్లాస్కులో టీ అయిపోయింది. చిట్కాగారు ఎర మార్పించాడు, సీసపు గుండు మార్పించాడు, మేనేజరుగారు నిలబడే చోటు మార్పించాడు. చివరకు ఆయన ముఖమూ మారింది.

"గురువుగారూ, చేపలకి కూడా ఆదివారం సెలవా?"

ఆ గొంతులో వెటకారం వినిపించగానే చిట్కాగారి కళ్ల ముందు కుట్టు దుకాణం బోర్డు కదిలింది. "ఇంకొంచెం దూరం విసరండి సార్. పెద్దవి దూరంగా ఉంటాయి," అన్నాడు. పరుగున అటు వెళ్లి బావమరిదికీ అదే చెప్పాడు. ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడంలో ఆయన ఏనాడూ పక్షపాతం చూపలేదు.

ఇద్దరూ బలమంతా ఉపయోగించి కట్ట కొసవైపు విసిరారు. కొస దగ్గర నీళ్లు సుడి తిరుగుతుంటాయి. ఆ సుడిలో ఇటు దారమూ అటు దారమూ వెళ్లి కలుసుకున్నాయి. చిట్కాగారు దగ్గరుండి పదును పెట్టించిన రెండు కొక్కేలూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. ఆ రోజంతటిలో ఆయన చిట్కాల్లో సరిగ్గా పనిచేసింది ఆ ఒక్కటే.

"పడింది!" అని అరిచాడు బావమరిది దిమ్మెకు అటునుంచి, ఒక్క గుంజు గుంజుతూ.

"అమ్మో, పడింది! పడింది గురువుగారూ!" అని మేనేజరుగారు ఇటునుంచి. ఆయన కర్ర విల్లులా వంగిపోయింది.

ఆ తర్వాత జరిగిన యుద్ధాన్ని ఎగిరే పక్షులు తప్ప ఎవరూ పూర్తిగా చూడలేదు. ఒకరికొకరు కనబడని ఇద్దరు మగధీరులు, ఒకే దారానికి రెండు కొసలు పట్టుకుని ప్రాణాలొడ్డి లాగుతున్నారు. చిట్కాగారు దిమ్మె చుట్టూ బొంగరంలా తిరుగుతున్నాడు. ఇటొస్తే, "వదలొద్దు సార్, దాని బలం తగ్గుతోంది!" అంటాడు. అటుపోతే, "బిగపట్టరా, నువ్వు వదిలావా చంపేస్తా!" అంటాడు. ఆయన ఎవరి దగ్గర నిలబడితే వాళ్లు కాస్త పుంజుకునేవారు. ఆ వెంటనే రెండోవైపు నుంచి గావుకేక వినబడేది.

"ఎంత బలమండీ దీనికి! నన్నే లాక్కుపోతోంది!" మేనేజరుగారి ముఖం పసిపిల్లాడి ముఖంలా వెలిగిపోతోంది. "గురువుగారూ, నా జన్మలో ఇంత ఆనందం ఎరగను. ఈ చేప ఒడ్డున పడనివ్వండి, మీకేం కావాలో అడగండి!"

"బదిలీ సంగతండీ సార్..."

"అదెంత పని! ముందిది పడనివ్వండి!"

చిట్కాగారి గుండె గంతులేసింది. ఆ ఉత్సాహంలో చేపను కళ్లారా చూద్దామని దీపస్తంభం మెట్లెక్కాడు. పైనుంచి చూస్తే సముద్రం తేటగా ఉంది. ఎండకు దారం తళతళ మెరుస్తోంది. మేనేజరుగారి కర్ర నుంచి బయల్దేరి, కట్ట కొసను చుట్టి, నేరుగా బావమరిది కర్ర దగ్గరికి వెళ్లింది. మధ్యలో చేప లేదు. చేప తోక కూడా లేదు.

చిట్కాగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అది చేప కాదు సార్, మా బావమరిది అని చెబితే ఆ పసిపిల్లాడి ముఖం మళ్లీ మేనేజరు ముఖమైపోతుంది. చెప్పకపోతే ఇద్దరిలో ఎవరో ఒకరు సముద్రంలో పడతారు. ఎటుచూసినా బోర్డు దిగేలాగే ఉంది. అప్పుడు తట్టింది ఉపాయం. దారం తెంపేస్తే సరి! చేప తెంపుకుపోయిందంటే ఎవరికీ నామోషీ లేదు. చిట్కాగారు పరుగున దిగి, పెట్టె తెరిచి, కటింగ్ ప్లయరు తీశాడు.

ఎలాంటి దారాన్నైనా చటుక్కున తెంచుతుందని ప్యాకెట్టు మీద పెద్ద అక్షరాలతో ఉంది. నిజమే కావచ్చు. కానీ ఆ ప్యాకెట్టును తెంచడానికి మాత్రం ఇంకో కత్తెర కావాలి. చిట్కాగారు గోళ్లతో గీరాడు. పళ్లతో కొరికాడు. రాయికేసి రాశాడు. తాళంచెవితో పొడిస్తే తాళంచెవి వంగింది. ప్లాస్టిక్కు లోపల ప్లయరు మాత్రం ఒక్క తుప్పు మచ్చ కూడా లేకుండా, కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూ కూర్చుంది. 'వంటింట్లోంచి కత్తెర తెస్తాను' అన్న మాట చెవిలో మోగింది. చిట్కాగారికి ఏడుపొక్కటే తక్కువ.

ఇక మిగిలింది బావమరిది. అటు పరిగెత్తాడు.

"ఒరేయ్, వదిలెయ్ రా!"

"ఇప్పుడేగా వదిలితే చంపేస్తానన్నావు?"

"ఇప్పుడు వదలకపోతే చంపేస్తాను!"

"అర్థమైందిలే బావా." బావమరిది చెమటలు కక్కుతూనే వెటకారంగా నవ్వాడు. "నాది పెద్దదని నీకు కుళ్లు. మీ మేనేజరుకి పడలేదని నన్ను వదిలెయ్యమంటావు. మోసింది నేను, వేసింది నేను. నా చేప నాది. నేను వదల్ను."

"ఓరి నీ చేప తగలెయ్యా! అది చేప కాదురా. మా మేనేజరు!"

బావమరిది ఒక్క క్షణం ఆగి, వంగిన కర్ర వంక చూశాడు. "ఏంటి? నీళ్లలో పడ్డాడా?"

"నీళ్లలో కాదురా! దిమ్మెకు అవతల! నీ గాలం ఆయన గాలానికి చిక్కుకుంది. మీరిద్దరూ ఒకళ్లనొకళ్లు లాక్కుంటున్నారు. మీ అక్క మొహం చూసైనా వదలరా బాబూ!"

అక్క మాట రాగానే బావమరిది వదిలేశాడు. మర వదులు చేయమని చిట్కాగారి ఉద్దేశం. అతను మాత్రం కర్రనే వదిలేశాడు. అసలే ముప్పావుగంట నుంచి అలిసిపోయి ఉన్నాడు, బావ చెప్పిన మాట తక్షణం పాటించడం కూడా జీవితంలో అదే మొదటిసారి. చిట్కాగారి ఖరీదైన కర్ర బావమరిది చేతుల్లోంచి బాణంలా లేచి, రాళ్ల మీద టకటకమని రెండు గెంతులు గెంతి, సముద్రంలో దూకింది. అటువైపు నుంచి మేనేజరుగారి కేక, దాని వెనకే పెద్ద చప్పుడు వినబడ్డాయి.

చిట్కాగారు దిమ్మె చుట్టి వచ్చేసరికి మేనేజరుగారు మంచినీళ్ల టబ్బులో కూర్చుని ఉన్నాడు. సరిగ్గా పట్టాడు. కాళ్లు రెండూ బయటికి వేలాడుతున్నాయి. చేతిలో కర్ర మాత్రం వదల్లేదు. ఉప్పునీళ్లు తగిలిన ప్రతిదాన్నీ మంచినీళ్లలో ముంచాలన్న చిట్కా ఈ విధంగా అమలు జరిగింది.

"ఇంకా ఉంది గురువుగారూ! బరువు తెలుస్తోంది!" అంటూ ఆయన టబ్బులోంచే రీలు తిప్పసాగాడు. తిప్పాడు, తిప్పాడు. చిట్కాగారు ఆపలేకపోయాడు. ఆఖరికి నీళ్లలోంచి ఆయన చేప తల ఎత్తింది. నల్లటి గాలపు కర్ర, దానికో రీలు. రీలు మీద, దొరికినవారు ఫోను చేయవలసిన నంబరు.

మేనేజరుగారు నంబరు చదివాడు. చిట్కాగారి వంక చూశాడు. మళ్లీ చదివాడు. అదే సమయానికి బావమరిది, ఎర్రగా కమిలిన అరచేతులు ఊదుకుంటూ దిమ్మె వెనక నుంచి వచ్చాడు.

"మీ కర్ర ఏమైంది?" అన్నాడు మేనేజరుగారు అతనితో. అది చేపలు పట్టే గొంతు కాదు, క్లెయిములు పట్టే గొంతు.

బావమరిది బావ వంక చూశాడు. బావ కళ్లతోనే కాళ్లు పట్టుకున్నాడు.

"లాక్కుపోయింది సార్," అన్నాడు బావమరిది.

"ఏది?"

"అదే సార్... అవతల పడ్డది. మహా మొండిది. మనిషిని నిలబడనిస్తే ఒట్టు."

మేనేజరుగారు టబ్బులోంచి లేవడానికి ఇద్దరూ చెయ్యిచ్చారు. ఆయన నీళ్లోడుతూనే మోకాళ్ల మీద కూర్చుని పరిశీలన మొదలుపెట్టాడు. ఎంతైనా బీమా మనిషి. పెనవేసుకున్న రెండు కొక్కేలను అటూ ఇటూ తిప్పి చూశాడు. రాళ్లకు తగిలి గీసుకుపోయిన కర్రను వేలితో తడిమాడు. బావమరిది అరచేతులు చూశాడు, తన అరచేతులు చూసుకున్నాడు. సాక్ష్యాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాక ఆయన ముఖంలో మెల్లగా వెలుగు వచ్చింది.

"అంటే... ముందు ఈయన గాలం మింగింది. అది చాలక నాదీ మింగింది. ఇద్దరినీ ఇంతసేపు చెరోవైపు ఆడించింది. చివరికి ఈయన కర్రను లాగేసుకుని, ఆ ఊపులో రెండు కొక్కేలూ కక్కేసి పోయింది. అవునా?"

బావమరిది మళ్లీ అరచేతులు ఊదుకున్నాడు.

"గురువుగారూ." మేనేజరుగారు లేచి చిట్కాగారి భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు ఎవరి మాటా అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. నాకు మీ మాట మీద గురి. ఉన్నదున్నట్టు చెప్పండి. అది చేపేనా?"

చిట్కాగారికి తలొంచుకుని నిజం చెప్పేద్దామనే అనిపించింది. కానీ కళ్ల ముందు ఇంటావిడ కనిపించింది. నిచ్చెన ఎక్కి, బోర్డు మేకులు పీకుతూ.

"చేపే సార్," అన్నాడు. "మెట్లెక్కి కళ్లారా చూశాను. రెండు గాలాలూ మింగింది."

"ఎంతుంటుంది?"

చిట్కాగారు రెండు చేతులూ చాపాడు. పక్కన బావమరిది అంతకంటే వెడల్పుగా చాపాడు. మేనేజరుగారు ఇద్దరినీ తడిచొక్కాతోనే కౌగిలించుకున్నాడు. "మీ బదిలీ సంగతి నాకొదిలెయ్యండి. రేపు ఆఫీసులో మీకు మంచి కబురు చెబుతాను. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోండి," అన్నాడు.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే ఆవిడ ముందు నమ్మలేదు. "నిజమేనా? నా మీద ఒట్టేసి చెప్పండి," అని రెండుసార్లు అడిగింది. నమ్మాక, కుట్టుమిషను ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది. బోర్డుకు కొత్తగా రంగు వేయించాలంది. పక్కన ఇంకో మిషను కూడా పెడతానంది. ఆవిడను అంత సంతోషంగా చూసి చాలా కాలమైంది. చిట్కాగారికి నిజంగానే గుండె నిండిపోయింది. ఇంత మంచి జరిగినప్పుడు ఒక్క అబద్ధమాడితే తప్పేమిటనుకున్నాడు. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడు. అదొక్కటే ఆయనకు మిగిలింది.

మర్నాడు మేనేజరుగారు గది తలుపు తానే తీసి, చిట్కాగారిని కూర్చోబెట్టాడు. "మీకు తెలీని సంగతొకటి చెబుతాను. ఆ కొత్త బ్రాంచికి మేనేజరుగా నన్నే వేశారు. సముద్రం వదిలి వెళ్లడం ఇష్టంలేక ఇన్నాళ్లూ నాన్చుతున్నాను. నిన్న ఇంటికెళ్లి కనుక్కుంటే, అక్కడ బ్రహ్మాండమైన జలాశయం ఉందట! మనిషంత చేపలట! ఇక ఆలోచించేదేముంది, వస్తానని చెప్పేశాను."

"చాలా సంతోషం సార్," అన్నాడు చిట్కాగారు. మేనేజరు వెళ్లిపోతే మరీ మంచిదని లోపల్లోపల అనుకున్నాడు కూడా.

"నాతోపాటు తీసుకెళ్లడానికి మన లెక్కలాయన పేరు రాసి పెట్టుకున్నాను. పొద్దున్నే కొట్టేశాను." మేనేజరుగారు కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. "మీ పేరు రాశాను గురువుగారూ. నిన్న మీరు గనక అది చేప కాదని చెప్పి ఉంటే, గాలాలన్నీ అమ్మేసి, ఆ లెక్కలాయన్నే వెంటబెట్టుకుని పోయేవాణ్ణి. అంత పెద్దచేపను దగ్గరదాకా తెప్పించిన మనిషిని ఇక్కడ ఎలా వదులుతాను చెప్పండి?"

చిట్కాగారి నోట్లోంచి నిజం ఊడిపడింది. "సార్! అది చేప కాదు సార్! మా బావమరిది! మీ గాలమూ వాడి గాలమూ చిక్కుకున్నాయి. నా కళ్లతో చూశాను. చెబితే మీరు బాధపడతారని..."

మేనేజరుగారు పెద్దగా నవ్వి, బల్ల మీదుగా చెయ్యి చాపి ఆయన భుజం తట్టాడు. "మన విభాగంలో మీరు నేర్పిందేగా గురువుగారూ? మనిషి మొదట చెప్పిన మాటే నిజం. తర్వాత మార్చి చెప్పేదంతా లాభం కోసమే."

ఆ సాయంత్రం ఇంట్లో ఏమేం మాటలు పడ్డాయో రాయడం మర్యాద కాదు. చివరిది మాత్రం రాయవచ్చు. "నేను రాను. నా బోర్డు దిగదు. మీ శిష్యుడు, మీరు, ఆ చేపలు, హాయిగా కాపురం చెయ్యండి," అందావిడ. చెప్పిన మాట మార్చే మనిషి కాదు. బోర్డుకు రంగు వేయించింది, రెండో మిషను కూడా పెట్టింది. బావమరిది చేతులకు కట్లు కట్టుకుని వచ్చి, ఈసారి సామాను మోయలేనని ముందే చెప్పాడు.

ప్రయాణం రోజు పొద్దున ఆవిడ వంటింట్లోంచి కత్తెర తెచ్చింది. కటింగ్ ప్లయరు ప్యాకెట్టును ఒక్క కత్తిరింపులో విప్పి, ప్లయరును పెట్టెలో పెట్టింది. కత్తెరను దాని పక్కన పెట్టి ఆయన వంక చూసింది.

ఈసారి చిట్కాగారు వద్దనలేదు.